ఇటుక బట్టీల దగ్గరికి వెళ్లే పిల్లలకు

పెద్దపల్లి, సుల్తానాబాద్ చుట్టుపక్కల సంఘాల యూత్ పిల్లలకు ప్రభువు నామంలో వందనాలు.

క్రిస్మస్‌కు బట్టీల దగ్గర దుప్పట్లు పంచాలనుకుంటున్నారట. పంచండి, చలికి అక్కరకొస్తాయి. అయితే దుప్పట్లతో పాటు నోటుబుక్కులు కూడా కొనండి. లెక్క రాయగల ఒకరిద్దరు వారం వారం వెళ్లేలా ఏర్పాటు చేసుకోండి. నా దృష్టిలో అసలు సేవ అదే.

దసరా దాటాక ఒడిశాలోని బలంగీర్, నువాపడా వైపు నుంచి కుటుంబాలు ఇక్కడికి వస్తాయి. వాళ్ల ఊళ్లోనే సర్దార్, అంటే కూలీలను కుదిర్చే మేస్త్రీ, అడ్వాన్స్ ఇచ్చి బయల్దేరదీస్తాడు. భార్యాభర్తలు, చేతికందిన ఒక పిల్లవాడు కలిస్తే ఒక జట్టు. కూలి రోజు లెక్కన ఉండదు, వెయ్యి ఇటుకలకు ఇంత అని ఉంటుంది. వారానికోసారి తిండి ఖర్చులకు కొంత ఇస్తారు. పూర్తి లెక్క వానలకు ముందు, సీజన్ చివర్లో తేలుతుంది.

ఊహకు ఒక లెక్క వేద్దాం. జట్టు అడ్వాన్స్ రూ. 60,000. రోజుకు 1,000 ఇటుకలు, వారానికి ఆరు రోజులు, 25 వారాలు కోస్తే 1,50,000 ఇటుకలు. వెయ్యికి రూ. 600 చొప్పున రూ. 90,000. అందులో అడ్వాన్స్ పోగా 30,000. వారానికి వెయ్యి చొప్పున తిండి ఖర్చు 25,000 పోగా చేతికి 5,000. ఇప్పుడు గుమస్తా 'పదో వంతు ఇటుకలు వానకు కరిగినయ్, పగిలినయ్' అని కొట్టేశాడనుకోండి. తొమ్మిది వేలు ఎగిరిపోయి, ఆ జట్టే రూ. 4,000 బాకీ పడుతుంది. బాకీ తీరేదాకా కదలొద్దంటారు, లేదంటే వచ్చే ఏడు మళ్లీ రావాలంటారు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఒక్క అంకె మార్చారు, అంతే.

ఇంకో సంగతి చూడండి. 90,000ను 150 రోజులకు పంచితే జట్టుకు రోజుకు 600. పిల్లవాణ్ని లెక్కలోంచి తీసేసినా మనిషికి 300. ప్రభుత్వం నిర్ణయించిన రోజు కనీస వేతనం పక్కన ఈ అంకె పెట్టి చూడండి.

నిర్గమకాండము 5వ అధ్యాయం సండే స్కూల్లో చదివే ఉంటారు. ఫరో గడ్డి ఇవ్వడం మానేశాడు, ఇటుకల లెక్క మాత్రం తగ్గించొద్దన్నాడు. మనం ఆ కథను ఎర్ర సముద్రం దాకా పరిగెత్తించి ఇటుకల దగ్గర ఆగం. ద్వితీయోపదేశకాండము 24లో కూలివాడి కూలి పొద్దు గుంకకముందే ఇవ్వాలని ఉంది, అతడు పరదేశి అయినా సరే. బిగబట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు రాశాడు. ఆ మొర అధికారులకు వినబడాలంటే కాగితం మీద ఉండాలి.

అందుకే నోటుబుక్కు. తేదీ, కోసిన పచ్చి ఇటుకలు, పాడైనవి ఎన్ని, ఎందుకు పాడైనయ్, తీసుకున్న ఖర్చు, గుమస్తా సంతకం: ఈ గడులు గీయండి. రెండు కాపీలు ఉండాలి, ఒకటి జట్టు దగ్గర, ఒకటి మీ దగ్గర. లెక్క ఏ రోజుది ఆ రోజే రాయాలి, ఇటుకలు పేర్చి బట్టీలోకి ఎక్కాక ఎవరివెన్నో తేలదు. వాన నష్టం ఎవరిదో సీజన్ మొదట్లోనే అడిగించి రాయించండి. గుమస్తా సంతకం పెట్టనంటే గొడవపడొద్దు. వాళ్ల పుస్తకంలోని పేజీని కూలీలే ఫోన్‌లో ఫొటో తీసుకుంటే అదీ పనికొస్తుంది.

అడ్వాన్స్ బాకీ చూపి మనిషిని కదలనివ్వకపోయినా, కనీస వేతనానికి తక్కువిచ్చి పని చేయించినా అది వెట్టి. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. కనీస వేతనం కన్నా తక్కువకు చేయించుకునే పని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లో చెప్పింది. 1976 చట్టం ప్రకారం ఆ బాకీ రద్దయిపోతుంది. అది వెట్టి బాకీ కాదని నిరూపించుకునే భారం అప్పిచ్చినవాడిదే, కూలీది కాదు. శిక్ష మూడేళ్ల వరకు జైలు.

ఫిర్యాదు కలెక్టర్‌కో ఆర్డీవోకో రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. బట్టీ ఉన్న ఊరు, జట్ల పేర్లు, సొంతూరు, అడ్వాన్స్, వచ్చిన తేదీ, ఎన్ని ఇటుకలు, ఎంత ఇచ్చారు, ఎవరు ఆపుతున్నారు రాస్తే చాలు. విశేషణాలు వద్దు. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయొచ్చు.

పని చెడేది సాధారణంగా తనిఖీ రోజునే. యజమాని ముందే నిలబెట్టి తెలుగులో అడిగితే అందరూ 'బాగానే ఉంది సార్' అంటారు. ఒడియా తెలిసినవారు ఉండాలని, ఆడవాళ్లను విడిగా అడగాలని ఫిర్యాదులోనే కోరండి. సంగతి ముందే పొక్కితే జట్లను రాత్రికి రాత్రే వేరే బట్టీకి తరలిస్తారు. కాబట్టి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు, వీడియోలు తీయొద్దు, మీరే వెళ్లి విడిపించే సాహసం అసలే వద్దు.

ఆకలి సంగతి ఇంకొంచెం తేలిక. ఒడిశా రేషన్ కార్డు ఉన్నవాళ్లు వేలిముద్ర వేసి ఇక్కడి రేషన్ షాపులోనే మనిషికి 5 కిలోల బియ్యం తీసుకోవచ్చు. మట్టిలో అరిగిన వేళ్లను మెషిన్ గుర్తించదు, చేతులు కడిగించి వేరే వేలు పెట్టించండి. ఊళ్లో ఉన్నవాళ్లు తమ వాటా అక్కడ తీసుకున్నా, ఇక్కడున్నవాళ్ల వాటా ఇక్కడ అడగొచ్చు. గర్భిణులను, చిన్నపిల్లలను అంగన్‌వాడీకి తీసుకెళ్లండి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను టీసీ లేదని బడి తిప్పి పంపకూడదు, విద్యా హక్కు చట్టంలో ఉంది.

బియ్యం సంచిలో కరపత్రం పెట్టొద్దు. తిండికి ఆశపడి వినే మాట సువార్త కాదు, పైగా లేనిపోని నిందకు దారి.

బట్టీ యజమాని మన సంఘానికే పెద్ద కానుకలిచ్చేవాడైతే? ముందు పాస్టరు గారు, ఇద్దరు పెద్దలు వెళ్లి, అన్యాయంగా తీసుకున్నది తిరిగిచ్చేస్తానన్న జక్కయ్య సంగతి గుర్తుచేసి మాట్లాడాలి. మాట వింటే కూలీలకు లెక్క కట్టి ఇవ్వాలి, మందిరానికి కొత్త ఫ్యాన్లు కాదు. వినకపోతే ఫిర్యాదు ఆగకూడదు.

ఆఖరి విషయం విడుదల పత్రం, అంటే వెట్టి నుంచి విడిపించామని అధికారులు రాసిచ్చే కాగితం. చాలాసార్లు కూలి తగాదాలా సర్దిచెప్పి, పైసలు చేతిలో పెట్టి రైలెక్కిస్తారు. ఆ పత్రం లేకపోతే రూ. 30,000 వరకు ఇచ్చే తక్షణ సాయం గానీ, తర్వాత ఒడిశాలో రావలసిన పునరావాసం గానీ అడగడానికి ఆధారం ఉండదు. ప్రతి మనిషి పేరున విడిగా రాయించండి. పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో అక్కడే చూసి, రైలెక్కేలోపే ఫొటో తీసుకోండి.

మీ సంఘ పెద్ద