నాలుగు పడకగదులు, వెనక ఒక వసారా: ఇంటి ప్లానుపై హక్కుల నేపథ్యం

అమెరికాలోని ఫ్లోరిడాలో ఇళ్లు కట్టి అమ్మే ఇంటర్వెస్ట్ కన్‌స్ట్రక్షన్ సంస్థ 1992లో ‘వెస్ట్‌మినిస్టర్’ పేరుతో ఒక ఇంటి ప్లాను గీయించింది. పదేళ్ల తరవాత, 2002లో, కాంటర్‌బరీ ఎస్టేట్ హోమ్స్ అనే మరో సంస్థ ‘కెన్సింగ్టన్’ ప్లాను తయారుచేయించుకుంది. రెండింటిలోనూ నాలుగు పడకగదులు, రెండు కార్లు పట్టే గ్యారేజీ, హాలు, భోజనాల గది, కుటుంబమంతా చేరే మరో గది, చిన్న బల్ల వేసుకునేందుకు ఒక మూల, వెలుపల వసారా ఉన్నాయి. విస్తీర్ణమూ ఇంచుమించు ఒకటే. తమ ప్లానును ఎత్తేశారంటూ ఇంటర్వెస్ట్ కోర్టుకెక్కింది. 2008లో పదకొండో సర్క్యూట్ (కొన్ని రాష్ట్రాలకు కలిపి ఉండే ఫెడరల్) అప్పీళ్ల కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. గదులు, తలుపులు, గూళ్లు అందరి ఇళ్లలోనూ ఉండేవే కాబట్టి వాటిని పేర్చిన తీరుకు మాత్రమే, అదీ పలచగా, కాపీరైట్ రక్షణ ఉంటుందని, ఆ పేర్పులో ఈ రెండు ప్లాన్లకూ చెప్పుకోదగ్గ తేడాలు ఉన్నాయని తేల్చింది.

అమెరికాలో మధ్యతరగతి ఇల్లు చాలాకాలంగా బొమ్మ చూసి కట్టుకున్నదే. 1840లలో ఆండ్రూ జాక్సన్ డౌనింగ్ వంటివారు అచ్చువేసిన నమూనాలను చూసి ఊళ్లలోని వడ్రంగులు ఇళ్లు లేపేవారు; తమ నమూనా నలుగురూ కట్టుకోవాలన్నదే ఆ పుస్తకాల ఉద్దేశం. సియర్స్ కంపెనీ 1908 నుంచి 1940 దాకా 447 నమూనాల ఇళ్లను కేటలాగులో పెట్టి, కోసిన కలపతో సహా సామగ్రినంతా రైలులో పంపింది. ఆ కాలంలో విపరీతంగా అమ్ముడుపోయిన ‘బంగళా’ మాటా రూపమూ బెంగాల్ పల్లె ఇంటి నుంచి ఇంగ్లీషువారు పట్టుకుపోయినవే. దానికి బెంగాల్ రైతుకు రాయల్టీ ఇవ్వాలని ఎవరికీ తోచలేదు.

ఆరుబయట కూర్చునే చోటు కథ ఇంకా చిత్రమైనది. మన వీధి అరుగులాగే అమెరికా ఇంటి ముంగిటి వసారా కూడా దారినపోయేవారిని పలకరించే చోటు. వీధిలో కార్ల రొద పెరిగి, ఇంట్లోకి టీవీ, ఏసీ వచ్చాక అక్కడ కూర్చునేవారు తగ్గిపోయారు. అదే సమయంలో కాలిఫోర్నియాలో క్లిఫ్ మే అనే డిజైనర్ 1930ల నుంచి కట్టిన రాంచ్ ఇళ్లు (ఒకే అంతస్తుతో పొడవుగా ఉండేవి), పాత స్పానిష్ లోగిళ్లను అనుసరించి, వీధికి వీపు పెట్టి లోపలి ముంగిలి వైపు తెరుచుకున్నాయి. న్యూయార్క్ దగ్గర 17,447 ఇళ్లతో వెలసిన లెవిట్‌టౌన్‌లో కూడా 1949 నమూనాకు వచ్చేసరికి హాలు వెనక్కి జరిగింది; పెద్ద అద్దాల కిటికీ పెరటివైపు తిరిగింది. 1952లో షికాగో ప్రాంతపు లోహపు పనిశాలలో జార్జ్ స్టీఫెన్ అనే ఉద్యోగి, నీటిలో తేలే బోయాల కోసం చేసే గోళాన్ని రెండుగా కోసి, కాళ్లు బిగించి, మూత పెట్టి, మాంసం కాల్చుకునే పొయ్యి చేశాడు. వెబర్ గ్రిల్ అదే. పెరట్లో పొయ్యి వచ్చాక దానిచుట్టూ చెక్క డెక్కు, పందిరి, నెగడు గుంట, చివరికి సింకూ ఫ్రిజ్జూ ఉన్న బయటి వంటిల్లు ఒక్కొక్కటిగా చేరాయి. వీటిని బిల్డర్లు చాటుగా కాపీ కొట్టుకోలేదు. 1984 నుంచి బిల్డర్ల వార్షిక ప్రదర్శనలో ‘న్యూ అమెరికన్ హోమ్’ అనే నమూనా ఇంటిని కట్టి చూపిస్తున్నారు. చూసినదాన్ని తమ ఊళ్లో కట్టడానికే కదా వాళ్లు అక్కడికి వెళ్లేది!

చట్టం ఆలస్యంగా వచ్చింది. ప్లాను కాగితాన్ని నకలు తీయడం తప్పే గానీ, కట్టిన ఇంటిని చూసి అలాంటిదే కట్టుకోవడం తప్పు కాదన్నది పాత పద్ధతి. 1988లో న్యూయార్క్ శివారు స్కార్స్‌డేల్‌లోని ఒక ఇంటి వివాదంలో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు నకలు ప్లాన్ల వాడకాన్ని ఆపింది కానీ, ఇంటి నిర్మాణాన్ని ఆపలేదు. 1989లో కాపీరైట్‌పై దేశాల మధ్య ఉన్న బెర్న్ ఒప్పందంలో చేరిన అమెరికా, దానికి తగ్గట్టు 1990 డిసెంబరు 1న తెచ్చిన చట్టంతో కట్టడానికి కూడా కాపీరైట్ ఇచ్చింది. అయితే మొత్తం ఆకృతికి, గదుల అమరికకే రక్షణ. విడివిడిగా చూస్తే అందరూ వాడే అంశాలకు లేదు. వెనక వసారా మీద, పందిరి మీద పేచీకి అక్కడే తలుపు మూసుకుపోయింది. ఇక మిగిలిన అమరిక విషయంలోనూ దావా వేసేవారికి కోర్టులు పట్టు బిగించాయి. ఇంటి ప్లాన్లు గీసి అమ్మే నెబ్రాస్కా సంస్థ డిజైన్ బేసిక్స్ వందకు మించి దావాలు నడపగా, 2017లో ఏడో సర్క్యూట్ కోర్టు ఆ సంస్థకు దావాలే ఆదాయమార్గం అయ్యాయని ఎత్తిచూపి, లెక్సింగ్టన్ హోమ్స్ అనే బిల్డరుపై దాని కేసు చెల్లదంది. వందేళ్లకు పైగా ఒకరి ఇల్లు చూసి ఒకరు కట్టిన వ్యాపారంలో ఫలానా మూల నాదని నిరూపించడం కష్టమేనన్నది నా అభిప్రాయం.

భారతదేశంలో 1957 కాపీరైట్ చట్టం కట్టడపు కళారూపానికి రక్షణ ఇస్తూనే, కట్టే పద్ధతికి వర్తించదని 13వ సెక్షన్‌లో చెప్పింది. ఇంటి ఫొటో తీసుకోవడం తప్పు కాదని 52వ సెక్షన్ అంటుంది. కాలనీలో నచ్చిన ఎలివేషన్‌ను ఫోనులో తీసి మేస్త్రీకి చూపించి, ‘ఇదే దించెయ్యి’ అనడం మన ఊళ్లలో రోజూ జరిగేదే. అలా దించినది ఉల్లంఘనే అయినా, పని మొదలైపోయిన కట్టడాన్ని ఆపమనీ కూల్చమనీ కాపీరైట్ యజమాని కోర్టు ఉత్తర్వు పొందలేడని 59వ సెక్షన్ చెబుతోంది. నష్టపరిహారం అడగడానికి మాత్రం ఆ సెక్షన్ అడ్డు కాదు.