టేబుల్ వరుసలో బటన్: పదేళ్లకు పైగా సాగిన ఒక చిక్కు

జాబితాలోని ప్రతి వరుసలో ‘తొలగించు’ లాంటి బటన్ ఒకటి పెట్టడం పైకి చిన్న పనే. నొక్కిన బటన్ ఏ వరుసదో తేల్చడమే ఐఫోన్ ప్రోగ్రామర్లను ఏళ్ల తరబడి తిప్పలు పెట్టింది. దీని మూలం 2008లో ఆపిల్ బయటి ప్రోగ్రామర్లకు అందించిన యూఐటేబుల్‌వ్యూ (తెరపై జాబితాను చూపే భాగం) నిర్మాణంలోనే ఉంది. అప్పటి ఐఫోన్‌లో ర్యామ్ 128 ఎంబీ మాత్రమే కావడంతో, తెరపై పట్టినన్ని సెల్స్ (ఒక్కో వరుసను చూపే పెట్టెలు) మాత్రమే తయారుచేసి, పైకి జరిగి కనుమరుగైన సెల్‌నే కింద వచ్చే కొత్త వరుసకు తిరిగి వాడే పద్ధతి పెట్టారు. అంటే ఏ సెల్లూ ఏ వరుసకూ శాశ్వతంగా సొంతం కాదు, దానిలోని బటనూ కాదు.

వరుసను నొక్కితే ఆ వరుస ఇండెక్స్‌పాత్‌ను, అంటే ఏ సెక్షన్‌లో ఎన్నో వరుసో, టేబులే డెలిగేట్‌కు (టేబుల్ కబుర్లు అందుకునే కోడ్‌కు) అందిస్తుంది. బటన్ మాత్రం నొక్కబడింది తానేనని చెప్పి ఊరుకుంటుంది. అందువల్ల రెండు అడ్డదారులు పుట్టాయి. మొదటిది, బటన్ ట్యాగ్‌లో (బటన్‌కు తగిలించగల ఒక అంకెలో) వరుస సంఖ్యను దాచడం. మూడో వరుసను యానిమేషన్‌తో తొలగిస్తే కింది వరుసలన్నీ ఒక మెట్టు పైకి జరుగుతాయి గానీ, తెరపై ఉన్న సెల్స్ మళ్లీ నిండవు కనుక వాటి ట్యాగ్‌లు పాతవిగానే మిగులుతాయి. ఆ తర్వాత నొక్కే ‘తొలగించు’ పక్క వస్తువును తొలగిస్తుంది. పైగా సెక్షన్లున్న టేబుల్‌కు ఒక్క సంఖ్య ఎలాగూ చాలదు.

రెండోది, బటన్ నుంచి సూపర్‌వ్యూ (దాన్ని తనలో ఉంచుకున్న పొర), దాని సూపర్‌వ్యూ అంటూ రెండు మెట్లెక్కి సెల్‌ను పట్టుకోవడం. సెల్ లోపలి అమరిక ఎప్పటికీ ఇలాగే ఉంటుందని ఆపిల్ ఎన్నడూ మాటివ్వలేదు. 2013లో ఐఓఎస్ 7 సెల్‌కూ, బటన్ వంటివి ఉండే లోపలి పొర కంటెంట్‌వ్యూకూ నడుమ స్క్రోల్‌వ్యూ అనే మరో పొరను చొప్పించడంతో ఆ రెండో మెట్టు సెల్‌కు బదులు స్క్రోల్‌వ్యూకు చేరింది, ఎన్నో యాప్‌లు దెబ్బతిన్నాయి. మరుసటి ఏడాది ఐఓఎస్ 8లో ఆ పొర మళ్లీ మాయమైంది. మెట్లు లెక్కపెట్టే కోడ్‌కు ఇంతకంటే మంచి శాస్తి ఉండదు.

నిలకడైన పరిష్కారానికి కావలసినవి నిజానికి మొదటి నుంచీ ఉన్నాయి. బటన్‌లోని ఒక బిందువును టేబుల్ కొలతల్లోకి మార్చి, ఆ బిందువు దగ్గర ఏ వరుస ఉందని టేబుల్‌నే అడగడం ఒక మార్గం. 2014లో ఆపిల్ ప్రోగ్రామింగ్ భాష స్విఫ్ట్ వచ్చాక సెల్‌కు ఒక క్లోజర్ (నొక్కినప్పుడు నడిచే కోడ్ ముక్క) అప్పగించి, అందులో వరుస సంఖ్యకు బదులు వస్తువు ఐడీని ఉంచడం వాడుకలోకి వచ్చింది. నా దృష్టిలో ఇదే మేలు, ఎందుకంటే స్థానం మారినా వస్తువు మారదు.

ఆండ్రాయిడ్‌లోనూ ఇదే గొడవ ఉంది. అక్కడి జాబితా భాగమైన రీసైక్లర్‌వ్యూలో బైండ్ చేసినప్పటి (వరుసలో వివరాలు నింపినప్పటి) పొజిషన్‌ను దాచుకోకుండా, నొక్కిన క్షణాన ఆ వరుసను మోసే హోల్డర్‌ను అడిగి తెలుసుకోవాలి.

2019లో వచ్చిన స్విఫ్ట్‌యూఐ (తెరలు కట్టేందుకు ఆపిల్ ఇచ్చిన కొత్త పద్ధతి) ప్రతి వస్తువుకూ గుర్తింపును తప్పనిసరి చేసి పాత ప్రశ్నను దాదాపు తీర్చింది గానీ, కొత్త తంటా ఒకటి తెచ్చింది. లిస్ట్‌లోని ఒకే వరుసలో రెండు బటన్లు పెట్టి, వాటికి బార్డర్‌లెస్ వంటి స్టైల్ విడిగా ఇవ్వకపోతే, వరుసలో ఎక్కడ నొక్కినా రెండు బటన్ల పనీ జరిగిపోతుంది.