టైల్స్ సందుల్లో పొంగే నురగ

పండగ దగ్గర పడితే మా ఇంట్లో బాత్రూం కడిగే పద్ధతి ఒక్కటే. యాసిడ్ సీసా మూత తీసి నేల మీద పోస్తే టైల్స్ సందుల్లోంచి బుసబుసా నురగ పొంగేది. మురికి వదులుతోందని సంబరపడేవాళ్లం. నిజానికి అక్కడ వదులుతున్నది సిమెంట్.

టైల్స్ మధ్య మేస్త్రీ నింపే గ్రౌట్ చాలా ఇళ్లలో వైట్ సిమెంటే. సిమెంట్ నీళ్లతో గట్టిపడేటప్పుడు అందులో కొంత సున్నం పుడుతుంది. ఆ సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మెల్లగా కాల్షియం కార్బొనేట్‌ అవుతుంది. సున్నపురాయిలో ఉండేదీ అదే. బాత్రూం యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది తగలగానే కార్బన్ డయాక్సైడ్ మళ్లీ బయటికొస్తుంది, నురగ అదే. కాల్షియమేమో నీళ్లలో కరిగి తూములోకి పోతుంది. పైపొర పోయిన గ్రౌట్ గరుకుగా, గుల్లగా తయారవుతుంది. అలాంటి చోట మురికి ఇంకా తొందరగా పడుతుంది, మనం మళ్లీ యాసిడ్ పోస్తాం. తాండూరు బండలున్న ఇళ్లవాళ్లకు ఈ సంగతి అనుభవమే. నిమ్మరసం ఒలికి అలాగే ఉండిపోతే బండ మెరుపు పోతుంది, ఎందుకంటే అదీ సున్నపురాయే. నిమ్మచెక్క, వెనిగర్ కూడా గ్రౌట్‌ను తింటాయి, కాకపోతే నెమ్మదిగా.

గ్రౌట్‌కు మురికి పట్టేది అందులోని సన్నసన్న రంధ్రాల వల్ల. తడి ఆరని మూలల్లో నల్లగా కనిపించేది బూజు. గులాబీ రంగు జిగురు చాలాసార్లు సెర్రాషియా అనే బ్యాక్టీరియా పని.

పసుపు మరకది వేరే కథ. సబ్బు పెట్టి రుద్దితే అది ఎర్రబడి కంగారు పెడుతుంది. పసుపుకు ఆ రంగునిచ్చే కర్క్యుమిన్‌కు, సబ్బులో ఉండేలాంటి క్షారం తగిలితే ఎర్రగా మారే గుణం ఉంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసేదీ, దిష్టి తీయడానికి ఎర్రనీళ్లు కలిపేదీ ఈ గుణంతోనే. నీళ్లతో బాగా కడిగితే ఎరుపు తగ్గి మళ్లీ పసుపు తేలుతుంది. ఎండ పడే చోటైతే ఆ పసుపూ కొన్నాళ్లకు వెలిసిపోతుంది.

మామూలు మురికికి వంటసోడాను కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి సందుల్లో రాసి, పది నిమిషాలాగి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు. పొయ్యి వెనక జిడ్డుకు వేడినీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ సరిపోతాయి. ఇనుప పీచు వద్దు, దాని ముక్కలు సందుల్లో ఇరుక్కుని తుప్పు మరకలవుతాయి. బూజుకు బ్లీచింగ్ నీళ్లు పనిచేస్తాయి గానీ, తలుపు, కిటికీ తెరిచి, చేతులకు గ్లవ్స్ వేసుకుని వాడాలి. యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ మాత్రం ఎప్పుడూ వేయకండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఇరుకు బాత్రూంలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, ప్రాణం మీదికీ తెస్తుంది.

గ్రౌట్ శుభ్రమై బాగా ఆరాక దాని మీద ఒక నీటిచుక్క వేసి చూడండి. చుక్క ముత్యంలా నిలబడితే భయం లేదు. ఇంకిపోయి ఆ చోటు ముదురు రంగుకు తిరిగితే నీళ్లు ఇంకకుండా కాపాడే సీలర్ అనే పూత పూయాలి. వేలితో గీస్తేనే పొడిగా రాలుతుంటే మాత్రం సీలర్ పూసినా లాభం లేదు. పాతది గీకి తీసేసి కొత్తది నింపించాలి. తడి ఎక్కువుండే చోట, సిమెంట్ బదులు రెజిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్ అడగండి. ఖర్చు ఎక్కువే, కానీ దానికి నీళ్లు పీల్చే రంధ్రాలుండవు. గోడా నేలా కలిసే మూలలో మాత్రం రబ్బరులా సాగే సిలికాన్ సీలెంట్ పెట్టించండి. అక్కడ కొద్దిపాటి కదలిక ఉంటుంది, దానికి సిమెంట్ పగులుతుంది, సిలికాన్ సాగుతుంది.