జనం రాలేదా, టీమే లేదా? హైదరాబాద్ ఎఫ్‌సీ గొడవ వెనక కథ

ఆఫ్‌సీజన్‌లో ఫుట్‌బాల్ అభిమానులకు పని ఒకటే, ఎవరిని తీసుకుంటున్నారు, ఎవరిని వదిలేస్తున్నారు అని ఫోన్ పట్టుకుని కూర్చోవడం. మా హనుమకొండ గ్రూపులో కూడా మొన్న అదే జరిగింది. 2025లో ఢిల్లీకి పోయి పేరు మార్చుకున్న మన హైదరాబాద్ ఎఫ్‌సీ, అంటే ఇప్పటి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ ట్రాన్స్‌ఫర్ల ముచ్చట ఒకటి ఎవరో పెట్టారు, పావుగంటలో గ్రూపు భగ్గుమంది. ఇది మన టీమే కదరా అని ఒకడు, మనదైతే మన దగ్గర ఎందుకు లేదు అని ఇంకొకడు. చివరికి ఎప్పుడూ వచ్చే మాటే వచ్చింది: "టికెట్ కొని స్టేడియానికి పోనోళ్ళు ఇప్పుడు ఏడిస్తే ఏం లాభం బావా?"

ఆ ఒక్క మాట కోసమే ఇది రాస్తున్నా. సాయంత్రంలోగా ఇవ్వమన్నారు కాబట్టి పాత చరిత్ర జోలికి పోవడం లేదు. కోచ్ రహీమ్ సాబ్, సిటీ పోలీస్ టీమ్, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, ఇవన్నీ మీకు తెలిసినవే, నెలకోసారి ఎవరో ఒకరు ఫార్వర్డ్ చేస్తూనే ఉంటారు.

జనం రాలేదు అనేవాళ్ళు ముందు ఒక చిన్న లెక్క చూడాలి. హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్‌లో, అంటే ఇండియన్ సూపర్ లీగ్‌లో, ఆడింది ఆరు సీజన్లు. మొదటిది 2019-20. కోల్‌కతాలో తొలి మ్యాచ్‌లోనే అక్కడి క్లబ్ ఏటీకే చేతిలో 5-0తో ఓటమి. నవంబర్ 2న గచ్చిబౌలిలో కేరళ బ్లాస్టర్స్‌ను 2-1తో కొట్టారు, స్టేడియం ఊగింది, అంతే, ఆ తర్వాత చెప్పుకోవడానికి ఏమీ లేదు. 18 మ్యాచ్‌లలో రెండు గెలుపులు, 10 పాయింట్లు, చిట్టచివరి స్థానం. తర్వాతి రెండు సీజన్లు కరోనా పుణ్యమా అని లీగ్ మొత్తం గోవాలోనే జరిగింది. కోచ్ మనోలో మార్కెజ్ వచ్చి కుర్రాళ్ళతో టీమ్ కట్టింది, స్ట్రైకర్ ఓగ్బెచే 18 గోల్స్ కొట్టింది, కప్పు గెలిచింది అన్నీ అప్పుడే. అంటే ఛాంపియన్ అయిన ఏడాది మన టీమ్ సొంత గ్రౌండ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఇది మర్చిపోయి మాట్లాడేవాళ్ళే ఎక్కువ.

2022 మార్చి 20, గోవాలోని ఫతోర్దా స్టేడియం. కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్‌కు జనాన్ని అనుమతించారు. స్టాండ్స్ నిండా పసుపు రంగే, కానీ వాళ్ళలో ఎక్కువమంది కేరళ వాళ్ళు. రెండు టీమ్‌లదీ పసుపే కదా, రూల్ ప్రకారం ఆ రోజు పసుపు జెర్సీ మనకు వచ్చింది, పాపం వాళ్ళ ఆటగాళ్ళు నలుపు వేసుకుని ఆడాల్సి వచ్చింది. 68వ నిమిషంలో వాళ్ళ గోల్, 88లో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన దెబ్బ, పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1. మేం హనుమకొండలో ఒక గదిలో తొమ్మిదిమందిమి టీవీ ముందున్నాం. కింద ఇంటి ఓనర్ పైకొచ్చి ఇండియా మ్యాచ్ ఉందా ఇవాళ అని అడిగాడు. క్రికెట్ కాదంకుల్ అంటే ఆయనకు అర్థం కాలేదు.

2022 అక్టోబర్‌లో టీమ్ ఎట్టకేలకు గచ్చిబౌలికి తిరిగొచ్చింది. మొత్తం ఆరు సీజన్లలో మంచి టీమ్‌ను సొంతూళ్ళో చూడగలిగింది ఈ ఒక్కసారే. ఓరుగల్లు నుంచి ఆ మ్యాచ్‌కు పోవడం అంటే ఏంటో ఒకసారి చెప్పాలి. కాజీపేటలో మధ్యాహ్నం రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగాలి, అక్కడి నుంచి ఊరికి ఆ చివర ఉన్న గచ్చిబౌలికి చేరాలి. ఆట ముగిసేసరికి తొమ్మిదిన్నర. రాయదుర్గం దాకా ఆటో, మెట్రో దొరికితే ఉప్పల్, అక్కడ వరంగల్ బస్సు కోసం నిలబడితే ఏ రెండింటికో హనుమకొండ చౌరస్తాలో దిగేవాళ్ళం. తొంభై నిమిషాల ఆటకు పన్నెండు గంటల పని. అయినా పోయాం, నెలకు రెండుసార్లు కూడా పోయాం. ఎందుకంటే టీమ్ అట్లా ఆడింది. ఆ సీజన్ 42 పాయింట్లతో రెండో స్థానం, సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్‌తో రెండు మ్యాచ్‌లలోనూ గోల్ లేదు, కోల్‌కతాలో పెనాల్టీల్లో పోయింది. ఓడి కూడా తల ఎత్తుకునే తిరిగాం.

నా లెక్కలో కథ తిరగబడింది ఆ తర్వాతి ఆఫ్‌సీజన్‌లోనే, అంటే 2023 వేసవిలో. క్లబ్ ఢిల్లీకి పోయింది 2025లో కావచ్చు, చేయిజారింది మాత్రం అప్పుడే. మనోలో ఎఫ్‌సీ గోవాకు వెళ్ళిపోయాడు, సరే, కోచ్‌లు మారుతుంటారు. కానీ జీతాలు ఆగాయి. బకాయిల కేసుల్లో ఫిఫా కొత్త ఆటగాళ్ళను తీసుకోకుండా నిషేధం పెట్టింది. 2024 జనవరి వచ్చేసరికి విదేశీ ఆటగాళ్ళు దాదాపు అందరూ, మనవాళ్ళలో సీనియర్లు చాలామంది ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు. వాళ్ళను ఎవరూ తప్పుపట్టలేరు, నెలల తరబడి జీతం లేకపోతే మీరైనా నేనైనా అదే చేస్తాం. మిగిలిన కుర్రాళ్ళతో కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో ఎలాగో సీజన్ ముగించాడు: 22 మ్యాచ్‌లు, ఒక్క గెలుపు, అది కూడా చెన్నైలో, 8 పాయింట్లు. రెండేళ్ళ కింద కప్పు ఎత్తిన క్లబ్ ఇది. అలాంటి టీమ్‌ను చూడటానికి జనం రాలేదట, దాన్ని నేరంగా చెబుతున్నారు!

ఇంకో సంగతి. ఆ రోజుల్లో ఐఎస్ఎల్‌లో ఆఖరున నిలిచినా కిందికి పడిపోయేది లేదు. మిగతా దేశాల్లో ఇలాంటి క్లబ్ కింది లీగ్‌కు పోతుంది, కానీ ఊళ్ళోనే ఉంటుంది. మన దగ్గర క్లబ్ లీగ్‌లోనే ఉండిపోయింది, ఊరే మారిపోయింది.

2024-25 మొదలయ్యే వేళకు క్లబ్ బీసీ జిందాల్ గ్రూపు చేతుల్లోకి వచ్చింది. ఆలస్యంగా కూర్చిన టీమ్, 13 టీమ్‌ల్లో 12వ స్థానం. తర్వాత 2025 జులై 11న లీగ్ నడిపే ఎఫ్ఎస్‌డీఎల్ సీజన్‌ను పక్కన పెడుతున్నట్టు క్లబ్‌లకు చెప్పింది, ఎందుకంటే ఇండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్‌తో 2010లో కుదిరిన 15 ఏళ్ళ ఒప్పందం డిసెంబర్‌లో ముగియబోతోంది. ఆ అయోమయంలోనే అక్టోబర్‌లో వార్త వచ్చింది, క్లబ్ ఢిల్లీకి పోతోందని, పేరు కూడా మారుతోందని. కొత్త యాజమాన్యం వైపు మాట్లాడేవాళ్ళ వాదన కూడా ఒకటుంది: పాత గందరగోళం వాళ్ళది కాదు, లీగ్ జరుగుతుందో లేదో తెలియని రోజుల్లో డబ్బు పెట్టారు, జనం లేని చోట ఎంతకాలం ఉంటారు అని. మొదటి రెండూ ఒప్పుకుంటా. మూడోది ఒప్పుకోను, ఎందుకో పైన చెప్పాను.

అయితే మనం మాట్లాడని భాగం ఒకటుంది. ఈ క్లబ్ మన దగ్గర పుట్టింది అనుకుంటాం కానీ 2019 ఆగస్టులో ఐఎస్ఎల్‌లో ఎఫ్‌సీ పుణె సిటీ ఖాళీ చేసిన సీట్లో వచ్చి కూర్చుంది. అదే నెలలో ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ పోయి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఆరేళ్ళకు మన క్లబ్ ఢిల్లీకి పోయింది. కుర్చీలాట అంటే ఇదే, పాట ఆగినప్పుడు నిలబడిపోయింది ఈసారి మనం. 2019లో పుణె వాళ్ళు ఏడుస్తుంటే మన అభిమానుల గ్రూపు డెక్కన్ లీజియన్ కుర్రాళ్ళు డప్పులు రెడీ చేసుకుంటున్నారు, నేను కూడా వాళ్ళ వెనక పసుపు జెర్సీ ఎక్కడ దొరుకుతుందా అని తిరుగుతున్నా. పుణె గురించి ఆ రోజు ఒక్క ముక్క మాట్లాడిన గుర్తు లేదు.

క్లబ్ పోయిన రెండు నెలలకు, 2025 డిసెంబర్ 13న, మెస్సీ వచ్చాడు. మన బస్సు ఆగే ఉప్పల్‌లోనే. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా బూట్లు వేసుకుని ఆడాడు, స్టేడియంలో జనమే జనం. హైదరాబాద్‌లో ఫుట్‌బాల్‌కు జనం రారు అనేవాళ్ళు ఆ రోజు ఎక్కడున్నారో తెలియదు. మెస్సీ కోసం ఎవరైనా వస్తారు, నిజమే, కానీ అంతకుముందు ఏడాది చివర్లో గచ్చిబౌలిలో ఇండియా, మలేషియా మ్యాచ్ జరిగింది, సంతోష్ ట్రోఫీ ఫైనల్ కూడా అక్కడే జరిగింది. అంటే ఆటకు గ్రౌండ్ ఉంది, ఆడించేవాళ్ళూ ఉన్నారు, ఒక్క క్లబ్బే నిలవలేదు.

ఇప్పుడు గ్రూపులో మూడు పార్టీలు. ఢిల్లీ పేరుతోనైనా టీమ్‌ను వదలొద్దు అనేవాళ్ళు ముగ్గురు. హైదరాబాద్‌లో ఇంకో క్లబ్ శ్రీనిధి డెక్కన్ ఉంది కదా, ఐఎస్ఎల్ కింది లీగ్ అయిన ఐ-లీగ్‌లో రెండుసార్లు రెండో స్థానంలో నిలిచింది, పోయి దాన్ని చూద్దాం అనేవాళ్ళు కొందరు. దానికీ ఒక మెలిక ఉంది, ఆ క్లబ్‌కు మొదట ఇచ్చిన ఊరు విశాఖపట్నం, అక్కడి వాళ్ళను అడిగితే వాళ్ళూ ఇలాంటి కథే చెబుతారేమో. మిగతావాళ్ళంతా, నాతో కలిపి, ఏమీ తేల్చుకోలేదు, ఆదివారం పొద్దున కాజీపేట రైల్వే గ్రౌండ్‌కు పోయి ఆ పాత జెర్సీలతోనే ఆడుతున్నాం, వెనక ఓగ్బెచే పేరు సగం చెరిగిపోయింది.

గ్రూపు పేరు మార్చాలా వద్దా అని పోల్ పెట్టారు. రాత్రి చూసేసరికి పదకొండు, పదకొండు. అడ్మిన్ ఇంకా ఓటేయలేదు, సింగరేణిలో నైట్ షిఫ్ట్‌లో ఉన్నాడు.