చీటీ మీద ఏముంటుంది

చిట్టీ, బన్నీ,

దసరాకి వచ్చినప్పుడు చిట్టి ఒక మాటంది: "ఇన్‌కాగ్నిటోలో చూస్తే ఎవరికీ తెలీదమ్మమ్మా." వంటింటి హడావిడిలో అప్పుడు జవాబు చెప్పలేదు. అది నిజం కాదు తల్లీ. ఇన్‌కాగ్నిటో అంటే బ్రౌజర్‌లో విడిగా తెరుచుకునే ప్రైవేటు కిటికీ; అది మీ ఫోన్‌లో హిస్టరీ మిగల్చదు, అంతే. నెట్ ఇచ్చే కంపెనీకి ఎప్పటిలాగే కనబడుతుంది.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ట్రంకు కాల్స్, అంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేసే ఫోన్లు, కలిపేదాన్ని కదా. ప్రతి కాల్‌కీ చీటీ రాసేవాళ్లం: ఏ నంబరు నుంచి, ఏ ఊళ్లో ఏ నంబరుకి, ఎప్పుడు, ఎన్ని నిమిషాలు. మాటలు రాసేవాళ్లం కాదు. అయినా ఒక ఇంటి నుంచి వారం వారం వేలూరు ఆసుపత్రికి కాల్ వెళ్తుంటే, ఒక్క మాట వినకుండానే ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని తెలిసిపోయేది. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది.

ఇప్పుడూ అంతే. సైటు అడ్రసులో హెచ్‌టీటీపీఎస్ ఉంటే మీరు చదివే పేజీ, కొట్టే పాస్‌వర్డ్ కంపెనీకి కనబడవు. ఏ సైటుకి ఎప్పుడు వెళ్లారో, ఎంత డేటా నడిచిందో మాత్రం సాధారణంగా తెలుస్తుంది. వీపీఎన్ అంటే మీ నెట్‌ని ఇంకో కంపెనీ గుండా నడిపేది; అది పెట్టుకుంటే చీటీ రాసే చెయ్యి మారుతుంది, అంతే. ఊరికే ఇచ్చే వీపీఎన్‌ని నేనైతే నమ్మను.

ఇక ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో మీ ఫోన్‌ని గుర్తుపట్టే నంబరు. వైఫై సెట్టింగ్స్‌లో 192.168తో మొదలయ్యే నంబరు చూశారా? అది ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరు, గడప దాటితే చెల్లదు. బయటికి కనబడే నంబరు కంపెనీ ఇస్తుంది. పాతరకం నంబర్లు మొత్తం 430 కోట్లకు మించవు కాబట్టి, మొబైల్ నెట్‌లో ఒకే నంబరు వెనక చాలామంది ఉంటారు. అందుకే "నీ ఐపీ దొరికింది, ఇంటికొస్తా" అని గేమ్‌లో ఎవడైనా బెదిరిస్తే టెన్షన్ పడకండి, అమ్మకి చెప్పండి. వాడికి మహా అయితే ఊరు తెలుస్తుంది, అదీ ఒక్కోసారి తప్పు. ఆ నిమిషంలో ఆ నంబరు ఎవరు వాడారో కంపెనీ రికార్డుల్లో ఉంటుంది, పోలీసులు చట్టప్రకారం అడిగితే ఇవ్వాలి. బన్నీ, ఫేక్ అకౌంట్‌తో ఎవరినైనా తిట్టినా ఇదే దారి.

అలాగని దాచుకోవాలనుకోవడం తప్పు కాదు. గోప్యత మన ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు 9 మంది జడ్జీలు ఒకే మాటగా తీర్పిచ్చారు. ఆ కేసు వేసిన పుట్టస్వామి గారు రిటైరైన జడ్జి, అప్పటికే ఎనభై దాటినవారు. ఆయనంటే నాకు చాలా గౌరవం.

చిట్టీ, నువ్వేం వెతికావో నేనడగను. ఒంటి గురించో, భయం గురించో అయితే నన్నడిగినా సరే.

సంక్రాంతికి వచ్చినప్పుడు మన రూటర్ పాస్‌వర్డ్ మార్చాలి. కొన్నప్పుడు డబ్బా మీద ఉన్నదే ఇంకా నడుస్తోంది.

మీ అమ్మమ్మ