థర్మల్ పేస్ట్ పోలికలు: అపోహలు - వాస్తవాలు

ప్రాసెసర్ పైన ఉండే లోహపు మూత, కూలర్ అడుగు రెండూ చూడటానికి నున్నగా ఉంటాయి. కానీ రెండింటి మీదా కంటికి ఆనని గీతలు, గుంటలు, కొద్దిపాటి వంపు ఉంటాయి. ఆ సందుల్లో చిక్కుకున్న గాలి వేడిని సరిగ్గా పోనివ్వదు. రాగి ఉష్ణవాహకత సుమారు 400 వాట్ పర్ మీటర్ కెల్విన్ అయితే గాలిది 0.026 మాత్రమే. ఆ గాలిని తోసేసి ఆ చోటు నింపడమే థర్మల్ పేస్ట్ పని. కూలర్లు బిగించడం, విప్పడం, కొలవడం నా వృత్తి. అందుకే ఏ పేస్ట్ ర్యాంకింగ్ చూసినా నాకు ముందు వచ్చే ప్రశ్న ఒకటే: ఇక్కడ కొలిచింది పేస్ట్‌నేనా?

అపోహ: ట్యూబ్ మీద వేసే ఉష్ణవాహకత అంకె రెట్టింపైతే చల్లదనం కూడా అంతే పెరుగుతుంది

చిన్న లెక్క వేసి చూద్దాం. మూత వైశాల్యం 9 చదరపు సెంటీమీటర్లు, పేస్ట్ పొర మందం 50 మైక్రాన్లు, ప్రాసెసర్ నుంచి వచ్చే వేడి 100 వాట్లు అనుకోండి. వాహకత 5 ఉన్న పేస్ట్ పొర దగ్గర ఉష్ణోగ్రత తేడా సుమారు 1.1 డిగ్రీలు. వాహకత 10 ఉంటే 0.55. అంటే అంకె రెట్టింపైనా మనకు దక్కింది అర డిగ్రీ! నిజానికి వేడి మూతంతా సమానంగా పరుచుకోదు, చిప్ ఉన్న చోటే ఎక్కువగా ఉంటుంది కాబట్టి తేడా ఇంకొంచెం పెరుగుతుంది. అయినా పెట్టె మీది రాతలు ఊరించినంత ఉండదు.

ఇదే లెక్కలో మందం సంగతి కూడా చూడండి. వాహకత 10 ఉన్న పేస్ట్ చిక్కగా ఉండి 100 మైక్రాన్ల దగ్గరే ఆగిపోతే, 50 మైక్రాన్లకు అణిగిన 5 వాహకత పేస్ట్‌తో సమానం అయిపోతుంది. పొర ఎంత పల్చబడుతుందో లేబుల్ చెప్పదు. వాహకత కొలవడానికి ఏఎస్‌టీఎం డి5470 అనే ప్రామాణిక పద్ధతి ఉంది. కానీ ఎంత ఒత్తిడితో, ఎంత మందంతో కొలిచారో చెప్పకుండా అంకె ఒక్కటే వేస్తే రెండు కంపెనీల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చలేం.

అపోహ: ఫుల్ లోడ్ పెట్టి ఉష్ణోగ్రత చూస్తే తేలిపోతుంది

పాత ప్రాసెసర్ల విషయంలో ఇది కొంతవరకు నడిచింది. ఇప్పటివి మాత్రం చల్లదనం దొరికితే వేగం పెంచుకుంటాయి. 2022లో వచ్చిన ఏఎండీ రైజెన్ 7000 సిరీస్‌లో పెద్ద మోడళ్లు భారీ లోడ్ పడితే 95 డిగ్రీల వరకు వెళ్లి అక్కడే నిలబడేలా తయారయ్యాయి. అలాంటి చోట మంచి పేస్ట్ పెట్టినా, నాసిరకం పెట్టినా స్క్రీన్ మీద కనిపించేది 95 డిగ్రీలే కావచ్చు. తేడా వేగంలోనూ, వాడుకున్న కరెంటులోనూ దాక్కుంటుంది.

అందుకే టెస్ట్‌కు ముందు బయోస్‌లో (మదర్‌బోర్డ్ సెట్టింగుల్లో) బూస్ట్, అంటే ప్రాసెసర్ తనంతట తానే వేగం పెంచుకోవడం, ఆపాలి. వేగం, వోల్టేజ్ ఒకే అంకె దగ్గర కట్టేయాలి. ఫ్యాన్లు ఆటోలో వద్దు, ఒకే స్పీడ్‌లో తిరగాలి. ఆ తర్వాత కూడా ప్రతి రన్‌లో ప్రాసెసర్ ఎన్ని వాట్లు తీసుకుందో రాసుకోవాలి. వాట్లు మారితే ఆ రన్ పక్కన పెట్టేయాల్సిందే. గది ఉష్ణోగ్రత గోడ దగ్గర కాదు, కూలర్ ఫ్యాన్ గాలి పీల్చుకునే చోట కొలవాలి. అక్కడ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు ఒక డిగ్రీ వేడెక్కుతుంది. పైన లెక్కలో రెండు పేస్టుల మధ్య తేడా అర డిగ్రీ అని మర్చిపోకండి. అందుకే పట్టికలో గది ఉష్ణోగ్రత తీసేయగా మిగిలిన అంకెనే చూపించాలి.

అపోహ: ఒక్కో పేస్ట్ ఒకసారి పూసి కొలిస్తే చాలు

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఇదే. కూలర్ విప్పి, తుడిచి, అదే పేస్ట్ మళ్లీ పూసి బిగించండి. అంకె మారుతుంది. స్క్రూ ఒకవైపు కొంచెం ఎక్కువ బిగిసి ఉండొచ్చు, పేస్ట్ ఒక మూలకు సరిగ్గా చేరకపోవచ్చు, కూలర్ వెంట్రుకవాసి జరిగి కూర్చుని ఉండొచ్చు.

ఉదాహరణకు మొదటి పేస్ట్ మూడు మౌంట్లలో, అంటే కూలర్‌ను మూడుసార్లు విప్పి బిగించినప్పుడు, గది కంటే 41, 42.5, 43.5 డిగ్రీలు ఎక్కువ చూపించిందనుకుందాం. రెండోది 41.5, 42, 43 చూపించింది. మొదటి మౌంట్ మాత్రమే చూస్తే మొదటి పేస్ట్ గెలిచినట్టు. సగటు తీస్తే రెండోది ఏదో వెంట్రుకవాసి ముందుంది. నిజం చెప్పాలంటే ఎవరూ గెలవలేదు. ఒకే పేస్ట్‌లో రెండున్నర డిగ్రీల ఊగిసలాట ఉన్నప్పుడు, దశాంశాల తేడాతో ఒకటో ర్యాంకు, రెండో ర్యాంకు ఇవ్వడం చదివేవాళ్లకు అన్యాయం చేయడమే.

నా పద్ధతి ఇది. ప్రతి పేస్ట్‌నూ కనీసం మూడుసార్లు విడివిడిగా మౌంట్ చేస్తాను. ఒక పేస్ట్ అన్ని రన్‌లూ వరసగా చేయకుండా కలిపి తిప్పుతాను. మొదట పరీక్షించిన పేస్ట్‌ను చివర్లో మళ్లీ పూసి చూస్తాను. అంకె జరిగిపోయి ఉంటే మధ్యలో ఏదో మారినట్టే లెక్క. మధ్యలో ప్రతిసారీ 90 శాతం పైన ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండు వైపులా తుడుస్తాను. వీలైతే ఏ ట్యూబ్‌లో ఏ పేస్ట్ ఉందో వేరేవాళ్లకు మాత్రమే తెలిసేలా నంబర్లు వేయిస్తాను. మనకు నచ్చిన బ్రాండ్‌ను మన చేతులే కొంచెం శ్రద్ధగా పూస్తాయి మరి.

అపోహ: బొట్టు, గీత, ఇంటూ గుర్తు... పేస్ట్ పెట్టే ఆకారంలోనే అంతా ఉంది

మామూలు సైజు మూత మీద, సరిపడా పేస్ట్ ఉంటే, కూలర్ ఒత్తిడికి అన్నీ దాదాపు ఒకేలా పరుచుకుంటాయి. ఏఎండీ పెద్ద సైజు ప్రాసెసర్ త్రెడ్‌రిప్పర్‌కు ఉండే లాంటి వెడల్పాటి మూతలకు మాత్రం ఒక్క బొట్టు చాలదు. టెస్ట్‌లో ఏ ఆకారం ఎంచుకున్నా అన్ని పేస్టులకూ అదే వాడండి. కూలర్ విప్పాక పేస్ట్ ఎలా పరుచుకుందో ఫోటో తీయండి.

అపోహ: మొదటి రోజు రీడింగే చివరి మాట

కొన్ని పేస్టులు కుదురుకోవడానికి సమయం తీసుకుంటాయి. ఆర్కిటిక్ సిల్వర్ 5కి 200 గంటల వరకు పట్టొచ్చని దాని తయారీదారే చెప్పాడు. దీనికి ఎదురు సమస్య కూడా ఉంది. వేడెక్కి చల్లారే ప్రతిసారీ లోహాలు వ్యాకోచించి, సంకోచించి పేస్ట్‌ను కొద్దికొద్దిగా అంచులకు నెట్టేస్తాయి. దీన్నే పంప్ అవుట్ అంటారు. లాప్‌టాప్‌లు, గ్రాఫిక్స్ కార్డుల్లో మూత లేకుండా చిప్ నేరుగా కూలర్‌కు తగులుతుంది కాబట్టి అక్కడ ఇది ఎక్కువ. టూత్‌పేస్ట్ పూసి మొదటి గంట ఫలితాలు చూపించేవాళ్లు మోసపోయేది కూడా కాలం దగ్గరే. అందులోని నీరు ఆవిరయ్యాక మిగిలేది ఎండిన పొర మాత్రమే.

అపోహ: లిక్విడ్ మెటల్ కూడా ఒక పేస్టే, అదే పట్టికలో పెట్టొచ్చు

చల్లబరచడంలో అది నిజంగానే మెరుగు. కానీ అది గాలియం కలిసిన మిశ్రమం, కరెంటును పారిస్తుంది. ఒక్క బొట్టు మదర్‌బోర్డ్ మీద జారితే షార్ట్ అవ్వొచ్చు. అల్యూమినియం కూలర్‌ను గాలియం తినేస్తుంది. అందుకే దాన్ని వేరే పట్టికలో, ఈ హెచ్చరికలతో కలిపి చూపించాలి.

మామూలు పేస్టుల పట్టికలో ప్రతి పేరు పక్కన సగటుతో పాటు కనిష్ఠం, గరిష్ఠం కూడా ఉండాలి. రెండు పేస్టుల అంకెలు ఒకదానిపై ఒకటి పడితే అవి సమానమనే రాయాలి. అలాంటప్పుడు డెస్క్‌టాప్‌కైతే తేలిగ్గా పరుచుకునేది, శుభ్రంగా తుడుచుకుపోయేది తీసుకోండి. లాప్‌టాప్‌కైతే పంప్ అవుట్‌ను తట్టుకునే చిక్కటి రకం మేలు.