మెలాకు వొరెడే: గిడ్డంగి నుంచి పొలానికి

1984-85లో ఇథియోపియాను కరువు కబళించినప్పుడు, ఆకలికి తాళలేని రైతులు మరుసటి కారుకు దాచుకున్న విత్తనాలను సైతం వండుకు తిన్నారు. అందులో వారిని తప్పు పట్టవలసినదేమీ లేదు. అయితే ఒకే లోయలో పండే జొన్న రకానికి చివరి గింజలు కూడా పొయ్యి మీదికెక్కితే, ఆ పైన ఎన్ని వానలు కురిసినా ఆ రకం తిరిగి రాదు. ఈ ముప్పును గుర్తించి, కరువు ప్రాంతాలలో విత్తనాలను సేకరించి కాపాడిన జన్యుశాస్త్రవేత్త మెలాకు వొరెడే.

1936లో పుట్టిన ఆయన అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొంది, జర్మనీ సహకారంతో అడిస్ అబాబాలో 1976లో ఏర్పడిన మొక్కల జన్యువనరుల కేంద్రానికి 1979లో అధిపతి అయ్యారు. ఇథియోపియా పంటల సంపద సామాన్యమైనది కాదు. సముద్రమట్టానికి దిగువనున్న ఎడారి మొదలు నాలుగు వేల మీటర్లు దాటిన కొండల వరకు విస్తరించిన ఆ నేలలో, ఎత్తు మారిన కొద్దీ పంట రకమూ మారుతుంది. అరకు లోయను పసుపుమయం చేసే వలిసెలు కూడా మొదట సాగులోకి వచ్చినది అక్కడే. కాలిఫోర్నియాలో బార్లీ పైరును ఒక వైరస్ తెగులు పీడించినప్పుడు, దానిని తట్టుకునే జన్యువు ఇథియోపియా బార్లీలోనే దొరికింది.

విత్తన బ్యాంకులో గింజలను ఆరబెట్టి, తేమ చొరని పొట్లాలలో కట్టి, గడ్డకట్టే చలిలో ఉంచుతారు. అప్పుడప్పుడు కొన్నింటిని తడి కాగితంపై మొలకెత్తించి, మొలక శాతం పడిపోతే మళ్లీ పొలంలో వేసి కొత్త విత్తనం తీస్తారు. ఇది అవసరమే గాని, చలిగదిలోని గింజ కొత్త తెగులును గాని, మారిన వానల తీరును గాని ఎరుగదు. ఏటా పొలంలో మొలిచే గింజకు ఆ పరీక్ష తప్పదు. పైగా కోతకు ముందే చేనంతా తిరిగి, మంచి కంకులను విత్తనానికి ఏరుకునే రైతు కూడా ఒక ప్రజననకారుడే, అంటే మేలైన వంగడాలను రూపొందించేవాడే. మెలాకు ప్రత్యేకత ఈ విషయాన్ని శాస్త్రంగా పట్టించుకోవడంలో ఉందని నా అభిప్రాయం. అధిక దిగుబడి వంగడాలకు చోటివ్వడానికి దేశవాళీ రకాలను తుడిచిపెట్టనక్కరలేదని వాదించి, ఆయన బృందం స్థానిక గోధుమలలో మేలైనవాటిని ఎంపిక చేసి రైతులకే తిరిగి ఇచ్చింది.

1989లో ఆయనకు ‘ప్రత్యామ్నాయ నోబెల్’గా పేరొందిన రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం లభించింది. కెనడా సంస్థ ఒకటి తోడు నిలవగా, ఆ ఏడాదే ఆరంభమైన విత్తన పరిరక్షణ కార్యక్రమం ద్వారా రైతులే నడుపుకునే గ్రామ విత్తన బ్యాంకులు వెలిశాయి. అక్కడ విత్తనాన్ని అప్పుగా తీసుకున్న రైతు, పంట చేతికి వచ్చాక దానిని విత్తనంగానే తీర్చాలి.